ఒకే పంక్తిలో కూర్చోమన్న బిషప్‌గారు

రైల్లో భద్రాచలం వెళ్ళిన వాళ్ళకి డోర్నకల్ జంక్షన్ గుర్తుండే ఉంటుంది. కాజీపేట, విజయవాడల మధ్య వెళ్ళే పెద్ద లైను నుంచి కొత్తగూడెం వైపు వెళ్ళే దారి అక్కడే విడిపోతుంది. రైలు ఆగిందంటే మనం చేసే పని ఏమిటి? కిటికీలోంచి టీ తాగడం, పిల్లలకి అరటిపళ్ళు కొనడం, మళ్ళీ కునుకు తీయడం. నేనూ అంతే. ఎన్నోసార్లు ఆ స్టేషన్ దాటాను గానీ, ఆ ఊళ్ళో ఏముందో ఏనాడూ ఆలోచించలేదు.

నాలుగేళ్ళ కిందట మా పక్కింటి అక్కయ్య వాళ్ళ బంధువుల పెళ్ళికి నన్నూ రమ్మంటే డోర్నకల్‌లో దిగాను. పెళ్ళి అక్కడి పెద్ద చర్చిలో. గేటు దాటి లోపలికి వెళ్ళగానే ఒక్క క్షణం నాకు అయోమయంగా అనిపించింది. పైన మసీదుకున్నట్టు గుమ్మటాలు, లోపల మన గుళ్ళో మండపంలాగా రాతి స్తంభాలు, ముందు సిలువ! "ఇదేం చర్చి అక్కయ్యా, అన్నీ కలిసిపోయాయి?" అన్నాను. "కలపాలనే కట్టారమ్మా. అజరయ్యగారు కట్టించింది" అందావిడ.

ఎవరీ అజరయ్యగారు? ఇంటికి వచ్చాక దొరికిన పుస్తకాలు చదివాను. చదివిన కొద్దీ, ఇన్నాళ్ళూ ఈ మనిషి గురించి తెలియకుండా ఎలా ఉన్నానా అనిపించింది. ఏ మతం వారైనా సరే, మనం ఆడవాళ్ళం తెలుసుకోవలసిన సంగతులు ఆయన జీవితంలో చాలా ఉన్నాయి. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మొక్కుకుని కన్న బిడ్డ

పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి చర్చి గురువు. తల్లి పేరు ఎలెన్. ఒక ఆడపిల్ల పుట్టాక చాలా ఏళ్ళు ఆ దంపతులకి మళ్ళీ సంతానం లేదట. బైబిల్లో హన్నా అనే తల్లి మొక్కుకుంటే సమూయేలు పుట్టినట్టు, వీళ్ళూ ప్రార్థన చేసుకుంటే ఈ బిడ్డ కలిగాడు. అందుకే ఆ పేరు పెట్టారు.

వాళ్ళది నాడార్ కులం. ఈ రోజు నాడార్లంటే మనకి వ్యాపారస్తులు, చదువుకున్నవాళ్ళు గుర్తొస్తారు. ఆ రోజుల్లో అలా కాదు. తాటిచెట్లెక్కే వాళ్ళని చిన్నచూపు చూసేవారు, గుళ్ళోకి రానిచ్చేవారు కాదు. పక్కనున్న తిరువాన్కూరు సంస్థానంలోనైతే ఆ కులం ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ కప్పుకోవడానికి కూడా వీల్లేదు! ఎన్నో గొడవలు జరిగాక 1859లో గానీ ఆ హక్కు రాలేదు. అజరయ్య పుట్టడానికి పదిహేనేళ్ళ ముందు మాట ఇది. అవమానం అంటే ఏమిటో ఆయనకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

తండ్రి 1889లో పోయారు. పిల్లవాడికి అప్పటికి పదిహేనేళ్ళు. తల్లి పెంపకంలో చదువు సాగింది. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గానీ, సరిగ్గా పరీక్షల సమయానికి జబ్బుపడి డిగ్రీ చేతికి రాలేదు. ఇంటర్మీడియట్‌తో చదువాపేసిన నాలాంటి వాళ్ళకి ఈ ముక్క చదివితే ఎంత ధైర్యంగా ఉంటుందో చెప్పలేను! ఆ డిగ్రీ లేని మనిషికే 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది మరి.

ఎవరో వచ్చి చేయాలా?

1895 నుంచి సుమారు పద్నాలుగేళ్ళు వైఎంసీఏ అనే యువకుల సంఘంలో పనిచేస్తూ దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ని పెళ్ళి చేసుకున్నారు. తమిళంలో 'అన్బు' అంటే ప్రేమ. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళలో ఆమె ఒకరు. ఈమె గురించి మళ్ళీ చెప్తాను, మరిచిపోకండి.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నాకి వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే ఇతర ప్రాంతాలకి మనుషుల్ని పంపి సేవ చేయిస్తున్నారు. అది చూశాక ఆయనకి నిద్ర పట్టలేదు. "మన దగ్గర ఇన్నేళ్ళ నుంచీ చర్చిలున్నాయి. ప్రతిదానికీ దొరల వైపు చూడడమే తప్ప, మనవాళ్ళ కోసం మనమేం చేశాం?" అన్న ప్రశ్న పట్టుకుంది. మరుసటి సంవత్సరం, 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే, పెత్తనమూ మనదే అన్నది నియమం. 1905 క్రిస్మస్ రోజున బెంగాలులోని శ్రీరాంపూర్‌లో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాంట్లోనూ ఆయన చెయ్యి ఉంది.

ఆ తిరునెల్వేలి సంఘం పని చేయడానికి ఎంచుకున్నది ఎక్కడో తెలుసా? మన మానుకోట ప్రాంతం! అప్పుడది నిజాం రాజ్యం. అక్కడి మాల, మాదిగ పల్లెల్లో ఉన్నంత దరిద్రం, ఉన్నంత వెట్టి ఇంకెక్కడా కనపడలేదు వాళ్ళకి.

ఇంకొకళ్ళని పంపడం సులువు. మనం వెళ్ళడం కష్టం. అజరయ్యకి ఆ మాట లోపల గుచ్చుకుంది. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, ముప్ఫై అయిదేళ్ళ వయసులో తానే డోర్నకల్ వచ్చేశారు. మరియమ్మాళ్ కూడా వచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న భర్త 'పల్లెకి వెళ్దాం, కొత్త భాష నేర్చుకుందాం' అంటే మనలో ఎంతమందిమి మూట కట్టుకుంటాం చెప్పండి! వాళ్ళిద్దరూ అక్షరాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. కొంతకాలానికి ఆయన తెలుగులోనే ప్రసంగాలు చేసేవారు.

కుర్చీ సంగతి కాదు

1910లో స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వచ్చిన వాళ్ళలో నూటికి తొంభై పైగా తెల్లవాళ్ళే. మన దేశం నుంచి వెళ్ళిన కొద్దిమందిలో అజరయ్య ఒకరు. వాళ్ళు ఖర్చు పెట్టి పిలిచారు గదా అని పొగిడి రాలేదు ఆయన. నిండు సభలో లేచి నిలబడి మనసులో మాట చెప్పేశారు.

'మీరు మా కోసం త్యాగాలు చేశారు, కాదనం. కానీ మీకూ మాకూ మధ్య పెద్ద అగాధం ఉంది. మీరు మాకు దొరలు, మేం మీ దగ్గర జీతగాళ్ళం. మాకు కరచాలనాలు, కుర్చీలు, విందులు, తేనీళ్ళు కావాలని అడగడం లేదు. వాటి వెనక ఉండవలసిన ప్రేమ కావాలి. మాకు స్నేహితుల్ని ఇవ్వండి' - ఆ ప్రసంగం సారాంశం ఇదీ. సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు తలలు వంచుకున్నారు. నూరేళ్ళు దాటినా ఆ సభ గురించి ఎవరు రాసినా ఈ ప్రసంగం ప్రస్తావన లేకుండా రాయరు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అప్పటికే ఈయన్ని గమనిస్తున్నారు. తెలుగు ప్రాంతానికి ఒక భారతీయుణ్ణే బిషప్‌గా చేయాలని ఆయన పట్టుబట్టారు. ఆంగ్లికన్ చర్చి అంటే ఇంగ్లండు రాజుగారి చర్చి. మన దేశంలో బిషప్ అంటే దొరే ఉండాలని అప్పటి లెక్క. 'తెల్ల గురువులు నల్ల బిషప్ కింద పనిచేస్తారా?' అని ఎన్నో అభ్యంతరాలు. విచిత్రమేమిటంటే మనవాళ్ళలో కూడా కొందరు అడ్డం తిరిగారు. ఆ కులం వాడు మాకు పెద్ద ఏమిటని! మతం మారినా కులం పోలేదన్నమాట.

అన్నీ దాటుకుని 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆ తరువాత ముప్ఫై రెండేళ్ళు, అంటే ఆయన చనిపోయేదాకా, ఒక డయోసిస్ మొత్తాన్ని సొంతంగా నడిపిన భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే!

నాలుగు దయ్యాలు

మొదట్లో డోర్నకల్ డయోసిస్ చాలా చిన్నది. ఆయన చేతికి వచ్చేనాటికి ఆరుగురే భారతీయ గురువులు. తరువాత కృష్ణా జిల్లా వైపు ప్రాంతాలు కూడా కలిశాయి. 1930లు సగమయ్యేసరికి 250 మంది గురువులు, రెండువేల మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు తయారయ్యారు. సంఘంలో చేరినవాళ్ళ లెక్క రెండు లక్షలు దాటింది. ఎక్కువమంది మాలలు, మాదిగలు.

ఆయన ఎద్దుబండి కట్టించుకుని ఊరూరా తిరిగేవారు. చెట్టు కింద కూర్చుని జనంతో మాట్లాడేవారు. పల్లె ప్రజల్ని పీడించే దయ్యాలు నాలుగు అనేవారట - మురికి, రోగం, అప్పు, తాగుడు. చూడండి, నాలుగింటిలో ఏది ఎక్కువ బాధ పెట్టేది? నాకైతే అనిపిస్తుంది, నాలుగూ చివరికి వచ్చి పడేది ఇల్లాలి నెత్తినే. మొగుడు తాగితే ఆమెకి దెబ్బలు. అప్పు చేస్తే ఆమె మెళ్ళో పుస్తెలు తాకట్టు. పిల్లాడికి విరేచనాలైతే రాత్రంతా ఆమెకి జాగారం. అందుకని చర్చితో పాటు బడి, వైద్యం, పరపతి సంఘం, అచ్చుయంత్రం కూడా పెట్టించారు. ప్రార్థన చేసుకోండి అని చెప్పి ఊరుకోలేదు.

అన్నింటికంటే నాకు నచ్చింది మరొకటి. గురువుగా శిక్షణకి వచ్చే మగవాళ్ళు తమ భార్యల్ని కూడా తీసుకురావాలి. ఆయన అక్షరాలు నేర్చుకుంటే ఆవిడా నేర్చుకోవాలి. పల్లెకి వెళ్ళాక జబ్బులు, శుభ్రత, పిల్లల పెంపకం గురించి ఆడవాళ్ళతో మాట్లాడేది అయ్యగారు కాదు కదా, అమ్మగారే! ఆ ఆడవాళ్ళ చదువు బాధ్యత మరియమ్మాళ్ చూసుకునేది. పొలం పనికి తప్ప గడప దాటని ఇళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు పలక పట్టుకుని కూర్చున్న దృశ్యం ఊహించుకోండి. 1920లలో, అదీ నిజాం రాజ్యంలో ఒక మూల!

మన తెలుగు పల్లె చర్చిల్లో ఒక అలవాటు ఉంది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చర్చికి ఇస్తుంది. మా పక్కింటి అక్కయ్య ఇప్పటికీ తీస్తుంది. అజరయ్యగారు ఇచ్చే చెయ్యి గురించి ఒక పుస్తకమే రాశారు. బీదవాడు తీసుకునేవాడుగానే ఉండిపోకూడదు, ఇచ్చేవాడు కావాలి, అప్పుడే తలెత్తుకుంటాడు అన్నది ఆయన పట్టుదల. పిడికెడు బియ్యం ఇచ్చిన ఆడమనిషికి 'ఇది నా చర్చి' అనిపించదా మరి?

డోర్నకల్ కెథడ్రల్ అలా చందాలతోనే, ఏళ్ళకేళ్ళు సాగి, 1939 జనవరి 6న పూర్తయి ప్రతిష్ఠ జరిగింది. దొరల ఊళ్ళో ఉన్నట్టు మొనదేలిన గోపురాలు పెట్టకుండా, మన గుడి, మన మసీదు చూసి అలవాటైన కళ్ళకి పరాయిగా అనిపించకుండా కట్టించారు. చర్చి మన మట్టిలోంచి రావాలి అనేవారాయన.

అందరికీ నచ్చలేదు

ఆయన చేసినదంతా అందరికీ నచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. 1930లలో గాంధీగారికీ ఆయనకీ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. హరిజనులు గుంపులుగా మతం మారడం గాంధీగారికి ఇష్టం లేదు. పేదరికంలో ఉన్నవాళ్ళకి మతసిద్ధాంతాలేం అర్థమవుతాయి, ఇదంతా ఆశ చూపించడమేనన్నది ఆయన వాదం. వాళ్ళకీ బుద్ధి ఉంది, మనసుంది, ఏది కావాలో వాళ్ళే తేల్చుకోగలరన్నది అజరయ్య జవాబు. ఎవరి పక్షాన న్యాయం ఉందో చెప్పేంత చదువు నాకు లేదు. ఈ రోజుకీ తెగని వాదన అది. కానీ ఒక సంగతి గమనించాలి. చట్టసభల్లో క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని ఇంగ్లీషు ప్రభుత్వం అన్నప్పుడు, వద్దని గట్టిగా చెప్పింది ఈ బిషప్‌గారే. మేం విడిగా గోడ కట్టుకుని బతకం అన్నారు.

ఇంకొక పోరాటం ఆయన ఇంటి లోపలే జరిగింది. చర్చిలో చేరిన మాలలు, మాదిగలు పక్కపక్కన కూర్చోవడానికి ఇష్టపడేవారు కాదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి తాగాలంటే వెనకాడేవారు. ఆయన ఈ విషయంలో మాత్రం మెట్టు దిగలేదు. ఒకే గిన్నె, ఒకే పంక్తి అన్నారు. ఆరాధనలో చాలావరకూ సాధించారు కూడా. పెళ్ళిళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ గోడ పూర్తిగా కూలలేదు. ఇప్పటికీ కూలలేదని మా అక్కయ్యే ఒప్పుకుంటుంది.

రకరకాల పేర్లతో విడిపోయిన ప్రొటెస్టెంట్ సంఘాలన్నీ ఒకటి కావాలని కూడా ఆయన కల. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంతో ఆ పని మొదలైంది. పాతికేళ్ళు ఓపిగ్గా తిరిగారు, రాశారు, బతిమాలారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అదే మనం సీఎస్ఐ అంటామే, అది పుట్టింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న జ్వరంతో డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తమిళదేశంలో పుట్టిన మనిషి, తెలుగు మట్టిలో కలిసిపోయారు.

మా ఇంటి గ్లాసు

ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

డోర్నకల్ పెళ్ళిలో భోజనాలకి కూర్చున్నాం. నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. కూలిపని చేసి చేసి చేతులు కాయలు కాచిపోయాయి. వడ్డించేవాళ్ళు పప్పు నాకు వేయడం మరిచిపోయి ముందుకి వెళ్ళిపోతే, ఆమె "ఆ అమ్మకి వెయ్యలే బిడ్డా" అని వాళ్ళని వెనక్కి పిలిచింది. తన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. ఆ గ్లాసు చూడగానే నాకు మా వంటింటి గట్టు గుర్తొచ్చింది.

మా ఇంట్లో పనిమనిషికి టీ ఇవ్వడానికి విడిగా ఒక స్టీలు గ్లాసు ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికే ఉంది. కిటికీ పక్కన బోర్లించి ఉంటుంది. ఆమె తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెడుతుంది. మా అత్తగారు పోయాక కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది. 'నాకు కులం పట్టింపు లేదు' అని నలుగురిలో నేను చాలాసార్లు అన్నాను. ఆ గ్లాసు మాత్రం కదలలేదు. ఆ ముసలామె ఇచ్చిన నీళ్ళు తాగుతుంటే నాకు గొంతు దిగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు మా గ్లాసుల్లో ఒకదాంట్లో టీ పోసి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. "నా గ్లాసేదమ్మా?" అని అడిగింది. "ఇదే" అన్నాను. తాగింది. తాగి, బాగా తోమి, మళ్ళీ కిటికీ పక్కనే బోర్లించింది! వారం రోజులు అలాగే చేసింది. నేనే తీసి మిగతా వాటితో కలిపేదాన్ని. ఇరవై ఏళ్ళ అలవాటు ఆమెకి మాత్రం అంత సులువుగా పోతుందా? మావారు అన్నీ చూశారు, ఏమీ అనలేదు. అనకపోవడమే మేలనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో విడి గ్లాసు లేదు. కానీ ఆమె ఇంకా గుమ్మం దగ్గరే పీట మీద కూర్చుని తాగుతుంది. కుర్చీ వేస్తే "నాకిదే సుఖమమ్మా" అంటుంది. గ్లాసు మార్చడం నా చేతిలో పని, ఒక్క రోజులో అయిపోయింది. ఆమె నన్ను నమ్మడం నా చేతిలో లేదు. ఎడిన్‌బరోలో అజరయ్యగారు కుర్చీలు, విందులు కాదు, స్నేహం కావాలని ఎందుకన్నారో అప్పుడు నాకు అర్థమైంది.

ఈసారి మీరు భద్రాచలం వెళ్ళేటప్పుడు డోర్నకల్‌లో రైలు ఆగితే ఆయన్ని ఒకసారి తలుచుకోండి. వీలుంటే దిగి ఆ చర్చి చూడండి. వీలు కాకపోయినా ఫరవాలేదు. ఇంటికెళ్ళాక మీ వంటింటి గట్టు మీద కిటికీ పక్కన ఏమైనా బోర్లించి ఉందేమో, ఒక్కసారి చూడండి.